క్రొత్తగా చేరిన విద్యార్థి: ఒక అజ్ఞాతవాస కథా పరిశీలనము

1. కథాస్వరూపము

ఈ దినములలో ఉన్నత పాఠశాల బాలబాలికలు సెల్‌ఫోనునందు మిక్కిలి మక్కువతో చూచు ధారావాహికలలో ఒక రకపు కథ తరచుగా వచ్చుచున్నది. సంవత్సరము నడుమ వేరొక పాఠశాలనుండి ఒక క్రొత్త విద్యార్థి వచ్చి చేరును. వాడు మితభాషి. తల వంచుకొని వెనుక బల్లపై కూర్చుండును. ఆ పాఠశాలలో కొందరు బలవంతులు ముఠా కట్టి, తక్కినవారిని కొట్టుచు, వారి డబ్బులు లాగుకొనుచు ఉందురు. క్రొత్తవానిని కూడ వారు అట్లే బాధింతురు. వాడు కొంతకాలము ఓర్చును. ఒకనాడు ఓర్పు నశించి లేచి, పదిమందిని ఒక్కడే పడగొట్టును. వాడు సామాన్యుడు కాడని అప్పుడు అందరికి తెలియును.

ఇట్టి కొట్లాట బొమ్మలు చూచి పిల్లలు చెడిపోవుచున్నారనియు, పాఠశాలవారు మందలింపవలెననియు తల్లిదండ్రులు అప్పుడప్పుడు మాతో చెప్పుచుందురు. వారి ఆందోళన సహజమే. అయితే కథను నిషేధించుటకు ముందు దానిని చదువుట మంచిదని మా అభిప్రాయము. పిల్లవాడు ఒక కథను పదేపదే చూచుచున్నాడన్న, అందులో వానికి కావలసినదేదో ఉన్నదని అర్థము. అదేమో తెలిసికొనక ఫోను లాగుకొన్నచో ఫోను మన చేతికి వచ్చును గాని, పిల్లవాని మనస్సు రాదు.

ఈ కథకు నాలుగు అంగములు కలవు. మొదటిది స్థానము మారుట. రెండవది మరుగుపడిన శక్తి. మూడవది కన్నులయెదుట జరుగు అన్యాయము. నాలుగవది శక్తి బయల్పడుట. ఈ నాలుగింటిని పిల్లలు సులభముగా గుర్తింతురు. వారు గుర్తింపనిది, మనము గుర్తింపవలసినది ఒకటి కలదు. ఇన్ని గదులు, ఇన్ని తరగతులు గల ఆ పాఠశాలలో ఉపాధ్యాయులు ఎక్కడ ఉన్నారు? తల్లిదండ్రులు ఎక్కడ ఉన్నారు? కథయందు వారు దాదాపుగా కానరారు. కనబడినను చూడనట్లు తప్పుకొని పోవుదురు. పెద్దలు లేని ఆ ఖాళీ చోటనే పిడికిలి ప్రవేశించుచున్నది. ఈ వ్యాసమునందు మేము చెప్పదలచినది ఈ ఒక్క సంగతియే.

2. మన విరాటపర్వము

ఇది విదేశమునుండి వచ్చిన క్రొత్త కథయని ఎవరును అనుకొనవలదు. పదమూడవ శతాబ్దమున తిక్కన సోమయాజి తెలుగు భారతమును విరాటపర్వముతోనే ఆరంభించి, పదునైదు పర్వములు రచించెను. ఆ మొదటి పర్వము యావత్తు అజ్ఞాతవాస కథయే. పండ్రెండేండ్ల వనవాసము ముగిసిన పిదప పదమూడవ యేట పాండవులు మత్స్యదేశము చేరి, తమ ఆయుధములను జమ్మిచెట్టుపై దాచి, విరాటుని కొలువున పనులకు కుదిరిరి. ధర్మరాజు కంకుభట్టయ్యెను. భీముడు వలలుడను పేర వంటవాడయ్యెను. అర్జునుడు బృహన్నలయై రాకుమారికి నాట్యము నేర్పెను. నకులుడు గుఱ్ఱములను, సహదేవుడు ఆవులను చూచుకొనిరి. ద్రౌపది సైరంధ్రియై రాణికి కొప్పు ముడిచెను. 1963లో కమలాకర కామేశ్వరరావుగారి దర్శకత్వమున వెలువడిన 'నర్తనశాల' చిత్రము మూలముగా ఈ కథ చదువురానివారికి కూడ సుపరిచితమైనది. 'బాషా'లో ఆటో తోలు మాణిక్యమును, 2002లో వచ్చిన 'ఇంద్ర'లో కాశీయందు టాక్సీ నడుపు నాయకుని చూచి ఈల వేసిన తండ్రులు మనలో చాలమంది కలరు. కావున ఈ కథపై మక్కువ మన ఇంటనుండియే పిల్లలకు సంక్రమించినదని ఒప్పుకొనుట న్యాయము.

అయితే విరాటపర్వమును శ్రద్ధతో చూచినచో అందు రెండు విశేషములు కనబడును.

మొదటిది, దాచుకొనుట అక్కడ ఆట కాదు, వ్రతము. ఆ యేడాదిలో ఎవరైనను గుర్తించినచో మరల పండ్రెండేండ్లు అడవికి పోవలెను. కావున బలవంతుడైన భీముడు ఏడాది పొడుగున పొయ్యి ముందు నిలిచెను. దొరికిన పనిని తక్కువగా చూడక, దానిని చక్కగా చేయుటయే వారి మరుగు. వంట బాగుండుటచేతనే వలలుడు వంటవాడుగా నిలిచెను.

రెండవది మరింత ముఖ్యమైనది. కీచకుడు సైరంధ్రిని తరిమి, నిండు కొలువులో, రాజు చూచుచుండగా కాలితో తన్నెను. ఆమె దాచుకొనలేదు, సభలోనే మొరపెట్టుకొనెను. ఆ మొర వినవలసిన విరాటుడు వినలేదు. కీచకుడు తన బావమరది, సైన్యమునకు పెద్ద, వానిని మందలించు ధైర్యము రాజునకు లేకపోయెను. అటు పిమ్మటనే ఆమె రాత్రివేళ వంటయింటికి పోయి భీముని లేపెను. సభలో విననిచోట మొర నర్తనశాలకు పోయెను. విరాటుడు ఆనాడు సింహాసనముపైనుండి ఒక్క మాట న్యాయముగా పలికియుండినచో చీకటిలో ఆ మల్లయుద్ధము అక్కరలేకపోయెడిది.

పిడికిలితో తీరినదని తోచిన తగవు అంతటితో తీరలేదు కూడ. ఉపకీచకులు సైరంధ్రిని శవముతోపాటు దహింపబోయిరి. కీచకవధ వార్త హస్తినాపురము చేరి, కౌరవులకు అనుమానము పుట్టి, గోగ్రహణము జరిగెను. ఒక దెబ్బ మరియొక దెబ్బను పిలిచెను.

3. పిడికిలి వెల

ఇపుడు పిల్లలు చూచుచున్న కొరియా దేశపు ధారావాహికలలో 'వీక్ హీరో' అనునది ఒకటి. దాని మొదటి భాగము 2022లోను, రెండవ భాగము 2025లోను వెలువడెను. ఇందలి నాయకుడు యోన్ సి-ఉన్ అను విద్యార్థి చూచుటకు బక్కపలుచనివాడు, చదువులో మొదటివాడు. వాని బలము కండలలో లేదు. ఎదుటివాని కదలికను లెక్కకట్టి, చేతికందిన కలమును, పుస్తకమును ఆయుధముగా చేసికొనును. రెండవ భాగమున వాడు పాఠశాల మారి, అపకీర్తిగల మరియొక ఉన్నత పాఠశాలలో చేరును.

పిల్లలు దానిని కొట్లాటకొరకు చూతురు. అయితే ఆ కథ కొట్లాటను మెచ్చుకొనుచున్నదని మాకు తోచలేదు. మొదటి భాగము చివర నాయకుని ప్రాణమిత్రుడు దెబ్బలు తిని స్పృహ కోల్పోయి ఆసుపత్రిలో పడియుండును. గెలిచినవాడు లేడు. క్రొత్త పాఠశాలకు వచ్చునప్పటికి ఆ బాలుడు వెంట తెచ్చుకొన్నది రహస్యశక్తి కాదు; తీరని దుఃఖము. ఇట్టి కథను పిల్లలతో కలిసి చూచి, 'ఈ స్నేహితుడు ఏమయ్యెను? ఆ దెబ్బలాట ఏ దినమున, ఎవరు పూనుకొన్నచో ఆగియుండెడిది?' అని ఒక్క ప్రశ్న అడిగినచో, వద్దని పదిసార్లు అరచుటకంటె ఎక్కువ ఫలము కలుగును.

4. వీరఘట్టమునుండి వచ్చిన బాలుడు

కల్పిత కథలు విడిచి, నిజముగా అపార బలము గల ఒక విద్యార్థి చరిత్రను చూతము. కోడి రామమూర్తినాయుడుగారి పేరు పెద్దలు వినియుందురు. ఆయన ఉత్తరాంధ్రమునందలి వీరఘట్టమున జన్మించెను. బాల్యముననే తల్లిని కోల్పోగా, తండ్రి ఆయనను విజయనగరమున నున్న పినతండ్రి ఇంటికి పంపెను. ఊరు మారెను; ఇల్లు మారెను; బడి మారెను. ఆ బాలుడు అక్కడ వ్యాయామశాలలో చేరి కుస్తీలు అభ్యసించెను. పిదప మద్రాసునందలి సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరమునకు తిరిగివచ్చి, పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడయ్యెను. సర్కసు స్థాపించి, ఊపిరి బిగించి ఱొమ్మునకు చుట్టిన గొలుసులు తెంచుట, ఱొమ్ముపై ఏనుగును నిలుపుకొనుట మున్నగు ప్రదర్శనలతో కలియుగ భీముడను ప్రఖ్యాతి గాంచెను. 1942లో కీర్తిశేషుడయ్యెను.

ఈ చరిత్రలో గమనింపదగినది ఏనుగు కాదు. ఆ బలము ఒక్కనాడు బయల్పడిన మాయ కాదు. ప్రతిదినమును చేసిన సాధన. అది మరుగున కుళ్ళిపోక వెలుగులోనికి వచ్చుటకు పెద్దలు కొందరు తోడ్పడిరి. తల్లిలేని బిడ్డను చేరదీసిన పినతండ్రి ఒకరు. తలుపు తెరచిన వ్యాయామశాల ఒకటి. శిక్షణ ఇచ్చిన విద్యాలయము ఒకటి. బలము చేతికి వచ్చిన పిమ్మట ఆయన మొదట పట్టిన పని పిల్లలకు నేర్పుట. కథలోని క్రొత్తవానికిని ఈ క్రొత్తవానికిని గల భేదమంతయు ఈ పెద్దల చేయూతలోనే ఉన్నది.

5. అశోక్ చౌక్ పరిసరములందలి క్రొత్తవారు

ఇక మన సంగతి. అశోక్ చౌక్ చుట్టుపట్ల నివసించు తెలుగు కుటుంబములలో అధికభాగము తెలంగాణమునుండి నేతపని వెదకికొనుచు వచ్చినవారి సంతతి. మగ్గములు ఉన్నచోటికి మనుష్యులు పోవుట మన కులవృత్తి నేర్పిన అలవాటు. షోలాపురమున పని తగ్గినచో భివండికి పోవువారును, సిరిసిల్లనుండి ఇటు వచ్చువారును నేటికిని కలరు. నగరములోపలనే ఇల్లు మారువారు మరికొందరు. కుంభారి వద్ద 2006లో బీడీ కార్మికురాండ్రకు గోదుతాయి పరుళేకర్ పేర పదివేల ఇండ్లు ఏర్పడెను. 2024 జనవరిలో రేనగరున మరి 15,000 ఇండ్లు కార్మిక కుటుంబములకు అందెను. సొంత ఇల్లు కలుగుట గొప్ప మేలు. అయితే ఇల్లు మారిన ప్రతి కుటుంబమునందును బడి మారిన బిడ్డ ఒకరుందురని మనము మరువరాదు.

అట్టి బిడ్డ తరగతిలోనికి వచ్చినపుడు ఏమి జరుగును? తెలంగాణమునుండి వచ్చినవానికి మరాఠీ అక్షరము రాదు. మహారాష్ట్రమున 2020 నాటి శాసనము ప్రకారము ప్రతి పాఠశాలలోను మరాఠీ బోధింపవలెను, పిల్లలందరు నేర్వవలెను. అది ఉచితమే, ఉన్న ఊరి భాష రానిదే బ్రదుకు సాగదు. కాని మొదటి మాసములలో ఆ బిడ్డ నోరు విప్పినచో తక్కినవారు నవ్వుదురు. వాని తెలుగు యాస వేరు. మన షోలాపురపు తెలుగులో మరాఠీ, కన్నడ, ఉర్దూ పదములు కలిసియుండును. వాడు మన మాటను విని నవ్వును. మనవారు వాని మాటను విని నవ్వుదురు. మనవారు పదిమంది, వాడు ఒక్కడు గనుక, చివరకు నోరు మూసికొనువాడు వాడే. మూడు వారములలో వానికి 'మొద్దు' అను పేరు నిలిచిపోవును. ఆ పేరు వచ్చిన పిమ్మట వాని పెట్టె తీసికొనుట, వాని రొట్టె తినివేయుట, వానిని తోయుట తప్పుగా ఎవరికిని తోచదు.

ఆ మొద్దునందు ఏమున్నదో మనము అడిగితిమా? తెలుగు మాధ్యమమున చదివి వచ్చినవాడు పద్యమును పదచ్ఛేదముతో చదువగలడేమో. పడుగు, పేక కనులారా చూచినవానికి నిలువు వరుసలు, అడ్డు వరుసలు, గుణకారము ఎవరును నేర్పకయే అర్థమగును. తల్లి చుట్టిన బీడీలకు వేయికింత కూలి చొప్పున ఎంత రావలెనో, తరుగు పేర ఎంత కోసిరో నోటిలెక్కగా చెప్పగల బాలిక అంకగణితమున వెనుకబడినదని వ్రాయుట, ఆమె లెక్క పుస్తకపు భాషలో లేకపోవుటచేతనే. ఇదియే మన పాఠశాలలందలి నిజమైన అజ్ఞాతవాసము. ఆ శక్తి పిడికిలిలో లేదు. దానిని ఆ బిడ్డ దాచుకొనుటయు లేదు. మనము అడుగకపోవుటచేత అది దాగియున్నది.

6. చట్టము, ధర్మము

తల్లిదండ్రులు తెలిసికొనదగిన కొన్ని నియమములను ఇక్కడ చెప్పుట అవసరము. 2009లో చేయబడి 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము ఆరునుండి పదునాలుగేండ్ల పిల్లలకు సంబంధించినది. దాని ప్రకారము, చదువు మానిన బిడ్డను గాని అసలు చేరని బిడ్డను గాని వయస్సునకు తగిన తరగతిలో చేర్చుకొని, వెనుకబడిన పాఠములకు ప్రత్యేక శిక్షణ ఇయ్యవలెను. బడి మారు బిడ్డకు ప్రధానోపాధ్యాయుడు బదిలీ పత్రమును వెంటనే ఇయ్యవలెను. ఆ పత్రము ఆలస్యమైనదని క్రొత్త బడివారు ప్రవేశమును ఆపరాదు. బిడ్డను శారీరకముగా దండించుటను, మానసికముగా వేధించుటను ఆ చట్టము నిషేధించినది. 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు వసతి కల్పింపుమని రాష్ట్రములను ఆదేశించుచున్నది.

అయితే ఒక సంగతిని దాచక చెప్పుదుము. 2014లో సర్వోన్నత న్యాయస్థానము విద్యాహక్కు చట్టము అల్పసంఖ్యాకుల పాఠశాలలకు వర్తింపదని తీర్పు చెప్పెను. ఆ తీర్పు సరియా కాదా అను విషయమును పెద్ద ధర్మాసనము పరిశీలింపవలెనని 2025లో అదే న్యాయస్థానమునందలి ఇద్దరు న్యాయమూర్తులు అభిప్రాయపడిరి. న్యాయస్థానము ఏమి నిర్ణయించునో అది వారి పని. మన పని వేరు. అల్పసంఖ్యాకుల హక్కు మనకు ఎందులకు లభించెను? పెద్ద గుంపు నడుమ మన భాష, మన బిడ్డ నలిగిపోకుండుటకు గదా! అట్టి మనము, మన గోడలలోపల ఇంకను అల్పుడైన క్రొత్త బిడ్డను నలుగనిచ్చి, చట్టము మాకు వర్తింపదని చెప్పుకొనుట సిగ్గుచేటు. చట్టము కట్టనిచోట ధర్మము మరింత గట్టిగా కట్టవలెను.

7. తల్లిదండ్రులకు కొన్ని సూచనలు

క్రొత్తగా చేరిన బిడ్డ తల్లిదండ్రులకు: సాయంకాలము 'ఏమి చదివితివి?' అని మాత్రమే అడుగకుడు. 'ఎవరి ప్రక్కన కూర్చుంటివి? మధ్యాహ్నము ఎవరితో తింటివి?' అని అడుగుడు. ఒంటరిగా తింటినని నాలుగు దినములు వరుసగా చెప్పినచో బడికి రండు. పుస్తకములు చినుగుట, డబ్బులు పోవుట, బడివేళకు కడుపునొప్పి వచ్చుట, చొక్కా క్రింద కమిలిన మచ్చలు, వీనిని ఉపేక్షింపకుడు. 'నీవును రెండు తగిలించి రా' అని బోధింపకుడు. అది వినుటకు పౌరుషముగా ఉండును. కాని 'నీ మొర వినువారు ఎవరును లేరు' అని బిడ్డకు చెప్పినట్లే అగును. పని మానినచో ఆ దినపు కూలి పోవునని మాకు తెలియును. కావున రాలేనివారు ఒక చీటీ వ్రాసి పంపుడు. తెలుగున వ్రాసినను, మరాఠీయందు వ్రాసినను, ఇతరులచేత వ్రాయించినను చాలును.

పాత విద్యార్థుల తల్లిదండ్రులకు: మీ బిడ్డ తరగతిలో క్రొత్తగా చేరినవారి పేరు అడిగి తెలిసికొనుడు. పేరు తెలియనిచో తెలిసికొని రమ్మని పంపుడు. ఒక పండుగనాడు ఆ బిడ్డను భోజనమునకు పిలువుడు. మీ ఇంట చెప్పిన పేరు తరగతిలో 'మొద్దు' అను పేరును చెరిపివేయును.

బలవంతులైన బిడ్డల తల్లిదండ్రులకు: ఈ మాట కటువుగా ఉండవచ్చును. కీచకుడు కూడ ఒక ఇంటి బిడ్డయే. రాణి సుధేష్ణకు తమ్ముడు. తమ్ముని దుర్బుద్ధి తెలిసియు ఆమె సైరంధ్రిని వాని ఇంటికి పంపెను. మీ బిడ్డ మరియొక బిడ్డను కొట్టినాడని కబురు వచ్చినపుడు 'మావాడు అట్టివాడు కాడు' అను మాటతో ఆరంభింపకుడు. 'ఏమి జరిగినది?' అని ఇద్దరిని అడుగుడు. మొదటి దెబ్బనాడే మందలింపబడిన బిడ్డకు పదవ దెబ్బ కొట్టు అవకాశము కలుగదు. బలము గల బిడ్డకు ఆటస్థలము చూపుడు, తాలీము చూపుడు. కబడ్డీలో, కుస్తీలో ఆ బలము పదిమంది మెప్పును పొందును.

ఇంటను బడియందును చెప్పుకొనజాలని కష్టము కలిగిన బిడ్డ 1098 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. అది పిల్లల సహాయమునకై దేశమంతట పనిచేయుచున్న సంఖ్య. పిలుపునకు ఖర్చు లేదు. ఈ అంకెలను ప్రతి బిడ్డకును కంఠస్థము చేయింపుడు.

ఉపాధ్యాయులకును మేము చెప్పవలసినది కలదు. క్రొత్త విద్యార్థి చేరిన మొదటి వారముననే, వానికి రానిదేమో వ్రాసికొనుటకు ముందు, వచ్చినదేమో అడిగి వ్రాసికొనవలెను. ఆ వచ్చినదానిని ఆ మాసము ముగియులోపల తరగతి ముందు ఒకసారి చేయింపవలెను. పద్యము చదువగలవాడు పద్యము చదువును. నోటిలెక్క చేయగల బాలిక లెక్క చేయును. జమ్మిచెట్టుపైని మూటను దింపుటకు వేరు ఉపాయము అక్కరలేదు.

పిల్లలు ఆ ధారావాహికలను చూచుట ఒక్కనాటితో మానరు. మానవలెనని మేము పట్టుబట్టుటయు లేదు. చూచినపుడు ఆ పాఠశాలను మన పాఠశాలతో పోల్చి, 'మా బడిలో అట్లు జరిగినచో మా మాస్టరుగారితో చెప్పెదము. మా అమ్మ వచ్చును' అని వారు నిస్సంశయముగా అనుకొనగలిగినచో చాలును. అట్లు అనుకొనజేయుట మన చేతిలోని పని. అందులకు తల్లిదండ్రుల సహకారమును ఈ సంవత్సరము మేము మరింతగా కోరుచున్నాము.